ఈదమ్మ వీపు తిప్పిన రోజు

కొండలు ఇప్పటికన్నా ఎత్తుగా, దారులు ఇప్పటికన్నా సన్నగా ఉన్న రోజులవి. ఒక అడవి గూడెంలో ఈదమ్మ అనే ముసలామె ఉండేది. గడ్డలు తవ్వుకొచ్చి, నాగి అనే తల్లీతండ్రీ లేని మనవరాలిని సాకేది.

ఆ ఏడు వానల్లేవు. గడ్డలు ఎండిపోయాయి. గూడేనికంతా ఒకటే కుండ. ముందు వేటగాళ్లు తినాలి, తర్వాత ఆడవాళ్లు, మిగిలితే పిల్లలు. అది అక్కడి కట్టుబాటు. కుండలో కూడు మిగలడం మానేసింది. నాగి లేచి నిలబడడం మానేసింది.

గడ్డలు వెతుకుతూ ఈదమ్మ రాళ్లగుట్ట దాకా పోయింది. అక్కడ రేసుకుక్కల బొరియ కనబడింది. రేసుకుక్క అంటే మన వీధికుక్క అనుకునేరు, కాదు. ఇటుకరంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక. మన కుక్కలా మొరగదు, ఈల వేసి తనవాళ్లను పిలుస్తుంది. పట్టపగలే, గుంపుగా వేటాడుతుంది.

మొదటి రోజు అవి బొరియ దగ్గరే దుప్పిని పడగొట్టాయి. ఈల వేశాయి. కూనలు బిలబిలా వచ్చాయి. కూనలు తిన్నాయి, పెద్దవి వీపు తిప్పి కాపలా నిలబడ్డాయి.

రెండో రోజు ఎక్కడో వేటాడి వచ్చాయి. నోట్లో ఏమీ లేదు. "అయ్యో, ఉత్తినే వచ్చాయే" అనుకుంది ఈదమ్మ. కూనలు వాటి మూతులు నాకగానే, పొట్టలో దాచి తెచ్చిన మాంసం కక్కి పెట్టాయి. కూనలకు కాపలా ఉన్న కుంటిదానికీ పెట్టాయి. కూనలు తిన్నాయి, పెద్దవి వీపు తిప్పి నిలబడ్డాయి.

మూడో రోజు దొరికింది ఒక్క కుందేలు. పెద్దవాటి డొక్కలు ఎండి ఉన్నాయి. "ఇవాళ ఏం చేస్తాయో చూస్తాగా" అనుకుంది ఈదమ్మ. ఇవాళా అంతే. కూనలు తిన్నాయి, పెద్దవి వీపు తిప్పి నిలబడ్డాయి.

ఈదమ్మ గూడేనికి పరుగున వచ్చింది. కుండలో ఒక్క ఉడుము ఉడుకుతోంది. ఆమె కుండకు వీపు పెట్టి, గడ్డలు తవ్వే కర్ర పట్టుకుని నిలబడింది.

"ముందు పిల్లలు! రేసుకుక్కలు కూడా కూనలకే ముందు పెడతాయి."

గూడెం పెద్ద గురవన్న నవ్వాడు. "ఏం పిన్నీ, కుక్కల దగ్గర చదువుకొచ్చావా?"

"ఆఁ, మూడు రోజులు. ముప్పై ఏళ్లు వేటాడి నువ్వు చూడంది చూసొచ్చా."

"మేం తినకపోతే రేపు వేటెవరు ఆడతారే?"

"వాటికి మాత్రం రేపు వేట లేదా, నాయనా?"

గురవన్న పక్కకు తిరిగాడు. తన కొడుకు నిలబడలేక గుడిసె గుంజ పట్టుకుని వేలాడుతుంటే అప్పుడు చూశాడు. మెల్లగా వచ్చి ఈదమ్మ పక్కన నిలబడి, కుండకు వీపు తిప్పాడు. ఒక్కొక్కరే మిగతావాళ్లూ వచ్చారు. పిల్లలు తిన్నారు, పెద్దవాళ్లు వీపు తిప్పి నిలబడ్డారు. వాళ్ల పొట్టలు గుర్రుమన్నాయి గానీ ఎవరూ వెనక్కి చూడలేదు.

మళ్లీ వాన పడేదాకా అట్లాగే సాగింది. ఆ కరువులో ఒక్క పిల్ల కూడా పోలేదు. నాగి లేచి నడిచింది. పెద్దదై, ఈదమ్మ కాలం తీరాక, తన పిల్లలతో కలిసి ఆమెను మట్టిలో పడుకోబెట్టింది.

ఇప్పటికీ అక్కడ ఏ విందైనా మొదటి బంతి పిల్లలదే. పెద్దలు చుట్టూ వీపు తిప్పి నిలబడతారు. ఆకలికి ఎవడైనా మెడ తిప్పితే, "ఈదమ్మ కర్ర తెమ్మంటావా?" అని నవ్వుతారు. పగటిపూట అడవిలో ఈల వినిపిస్తే పని ఆపి, "ఈదమ్మ పిల్లలను బువ్వకు పిలుస్తోంది" అంటారు.