గరిక గింజల బృందగానం

వేదాద్రిగారిని ఏదైనా అడిగితే అవుననీ చెప్పరు, కాదనీ చెప్పరు. అడిగినవాళ్ళకే ఒక పని పురమాయిస్తారు. అందుకే ఆ విత్తన పరీక్షాశాలలో ప్రశ్నలు తక్కువ. అయినా ఆయన శిష్యురాలు హిమజకు ఆ రోజు అడగక తప్పలేదు.

"సర్, సంచి మీద ఒకే రకం అని రాసి ఉంటే లోపల గింజలన్నీ ఒక్కలాగే ఉండాలి కదండీ?"

సంచి బాలకోటమ్మది. ఊరంతా పీకి గట్టు మీద పారేసే గరికను ఆవిడ పొలంలో పెట్టి, నీళ్ళు కట్టి, విత్తనం తీసి క్రికెట్ మైదానాలకు అమ్ముతుంది. ఈసారి ఒక కొత్త మైదానం వాళ్ళు, అసలు రకమేనని డీఎన్ఏ పరీక్షలో తేలితేనే చల్లుతామన్నారు. కల్తీ అని తేలిందా, ఏడాది పంట వెనక్కి రావడమే కాదు, ఆవిడ పేరు ఇంకే మైదానమూ ఎత్తదు. "నా గరిక నేరం ఒప్పుకుందా అమ్మాయ్?" అని రెండు రోజులకోసారి ఫోన్ చేసి నవ్వేది గానీ, ఆ నవ్వు చివర కొంచెం వణికేది.

హిమజ దగ్గర సాక్ష్యం గట్టిగానే ఉంది. పరీక్షాశాలలో దాచి ఉంచిన అసలు రకం పొట్లం డీఎన్ఏకి ఆరుసార్లు పరీక్ష నడిపింది. ఆరుసార్లూ పడ్డ డీఎన్ఏ గీతల వరస అచ్చు గుద్దినట్టు ఒకటే. బాలకోటమ్మ గింజల్లోంచి పెంచిన ఇరవై నాలుగు మొలకల గీతలు మాత్రం ఇరవై నాలుగు దారులు పట్టాయి. 'కల్తీ' అన్న మాట రిపోర్టులో టైపు కూడా చేసేసింది. సంతకం పెట్టడానికే చెయ్యి రాలేదు.

వేదాద్రిగారు గీతలు చూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "పక్క గదిలో మనవాళ్ళు వార్షికోత్సవానికి పాట నేర్చుకుంటున్నారు. తలుపు బయట నిలబడి విను," అన్నారు.

పన్నెండుమంది కలిసి పాడుతున్నారు. హిమజ బుద్ధిగా వింది.

"ఎలా ఉంది?"

"బాగుంది సర్. ఒక్కటే గొంతులా ఉంది."

ఆయన తలుపు తీసి, ఇప్పుడు ఒక్కొక్కరే పాడండి అన్నారు. స్టోర్స్ చూసే తులసమ్మ గొంతు గంట కొట్టినట్టుంది. టెక్నీషియన్ అబ్బాస్ పాటంతా ముక్కుతోనే ముగించాడు. సూపరింటెండెంటుగారు పల్లవి ఎక్కడో ఎత్తుకుని ఇంకెక్కడో దించారు. దించిన చోటు ఆయనకే తెలియలేదు. హిమజ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

"ఇందాక పాడింది వీళ్ళేనా?" అన్నారు వేదాద్రిగారు.

"వీళ్ళే సర్. కాకపోతే అప్పుడు అందరూ కలిసి..."

అక్కడ ఆ పిల్ల నవ్వు ఠక్కున ఆగింది.

"అసలు పొట్లం గింజలు విడివిడిగా మొలిపించలేదు సర్. చిటికెడూ కలిపి ఒకే రోట్లో నూరేశాను."

"ఎందుకమ్మా?"

"ట్యూబులు కలిసొస్తాయని."

సూపరింటెండెంటుగారికి ఏం అర్థమైందో గానీ, "మొత్తానికి నా గొంతు ఒకరికి పనికొచ్చింది," అని మీసం సవరించుకున్నారు.

హిమజ 'కల్తీ'ని చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి అసలు పొట్లం నుంచీ ఇరవై నాలుగు మొలకలు, ఒక్కోదానికి ఒక్కో ట్యూబు. మూడో వారం ఫలితం వచ్చేసరికి బాలకోటమ్మ ఫోను మానేసి స్వయంగా వచ్చి బల్ల మీద కూర్చుంది. ఆవిడకు వినపడేలా హిమజ చదివింది: అసలు పొట్లంలోనూ ఏ రెండు మొలకలూ ఒక్కలా లేవు, తేడాలు అటెంతో ఇటూ అంతే, అక్కడ లేని కొత్త గీత ఇక్కడ ఒక్కటీ లేదు.

"అంటే నావి అమాయకపు గరికలేగా?" అంది బాలకోటమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ. ఈసారి నవ్వు చివరిదాకా నిలబడింది.

హిమజ కలం తీసి కూడా ఆగింది. "సర్, ఒకదానితో ఒకటి కలవనివాటిని ఒకే రకమని ఎలా రాయనండీ?"

వేదాద్రిగారు రిపోర్టును ఆమె ముందుకు జరిపారు.

"అలా కలవకపోవడమేనమ్మా వాటి ఇంటి పోలిక."