కుముదిని కంద గొడుగు

అనగనగా, మీ అవ్వకు అవ్వ ఇంకా పుట్టని కాలాన, కొండల నడుమ మేఘవరం అనే రాజ్యం ఉండేది. దాని రాజు రణధీరుడు. మంచివాడే, కానీ ఓపిక అన్నది ఆయన దగ్గర చిటికెడు కూడా ఉండేది కాదు. అన్నం పొగలు కక్కుతుండగానే తినాలి. లేఖ పంపిన పూటే జవాబు రావాలి. మామిడి టెంక నాటించి మర్నాడే కాయ ఏదని అడిగాడని ఊళ్లో చెప్పుకునేవారు. అది నిజమో కాదో నాకు తెలియదు గానీ, విన్నవాళ్లంతా నమ్మారు.

ఆ రాజుకు ఒక్కతే కూతురు, కుముదిని. ఏడేళ్ల పిల్ల. ఆ పిల్ల కళ్లు ఎండను ఓర్చవు. కాస్త వెలుగు తగిలినా మండి నీళ్లు కారతాయి. అందుకని రాజవైద్యులు ఆమెను కోటకు ఉత్తరాన, ఎత్తైన గోడ నీడలో ఉన్న పెరట్లోనే ఆడుకోమన్నారు.

ఆ పెరట్లో పచ్చని ఆకు ఒక్కటి లేదు. రాజు గులాబీలు నాటించాడు. ఎండ లేక మొగ్గలు రాలాయి. బంతి నాటించాడు; నారు సాగి సాగి వాలిపోయింది. మల్లె నాటించాడు; ఆ తీగ గోడెక్కి అవతలి ఎండలో పూసింది.

"నా వైపు ఏదీ పెరగదా నాన్నగారూ?" అని కుముదిని అడిగింది.

అప్పుడు కోట తోటలు చూసే కోనమ్మను పిలిపించారు. కోనమ్మ కొండపల్లెలో పుట్టి, మట్టి పనిలోనే ముసలిదైంది. మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఆమె పెరడంతా తిరిగి, నీడ ఎక్కడ ఎంతసేపు ఉంటుందో మూడు రోజులు చూసి, అడవికి పోయి, ఏనుగు పాదమంత కందగడ్డను నెత్తిన పెట్టుకుని తెచ్చింది.

"దొరా, ఇది నీడలో బతికే మొక్క. ఒకే కాడ లేస్తుంది, ఒకే ఆకు విచ్చుకుంటుంది. ఆ ఆకే బిడ్డకు గొడుగు. అయితే దీనికో నడవడి ఉంది. ఏటేటా కొన్ని నెలలు మట్టిలో పండుకుంటుంది. అప్పుడు తడపకూడదు, తవ్వకూడదు, తొందరపడకూడదు. ఈ మూడూ..."

"సరే సరే, నాటు!" అన్నాడు రాజు. ఆయన గొడుగు దాకా విన్నాడు. తరువాతవి వినలేదు.

వానలు మొదలవగానే కంద లేచింది. కాడ నిండా పాము ఒంటిమీద ఉన్నట్టు మచ్చలు. మొదటి రోజు కుముదిని జడుసుకుని కోనమ్మ కొంగు చాటున దాక్కుంది. మూడో రోజుకల్లా ఆ కాడను వాటేసుకుంది. ఆకు చీలి, చీలికలన్నీ మళ్లీ పరుచుకుని, పిల్ల తలమీద పచ్చటి పందిరైంది. దాని కింద బొమ్మల పెళ్లిళ్లు జరిగాయి, అలకలు జరిగాయి, మధ్యాహ్నపు నిద్రలు కూడా జరిగాయి.

"కోనవ్వా, ఇది నాకోసమే వచ్చిందా?"

"నీకోసమే తల్లీ. నీకూ ఎండ పడదు, దానికీ పడదు."

ఆ వర్షాకాలమంతా కోటలో ఆ పిల్ల నవ్వు వినబడింది.

పుష్యమాసం వచ్చింది. ఆకు పసుపెక్కింది. ఒక ఉదయం కాడ నేల వాలింది. కోనమ్మ ఎండుటాకు తీసేసి, నేల చదును చేసి, పైన గడ్డి కప్పి ఊరుకుంది. కుముదిని మాత్రం ఆ బోసి నేల పక్కన కూర్చుని ఏడవడం మొదలుపెట్టింది. సరిగ్గా ఆ రోజే రాజు సరిహద్దు యుద్ధం నుంచి తిరిగి వచ్చాడు.

"ఎవరు చంపారు దీన్ని?" అని పెరడు దద్దరిల్లేట్టు అరిచాడు.

"ఎవరూ చంపలేదు దొరా. పండుకుంది. మృగశిర కార్తెలో మళ్లీ లేస్తుంది" అంది కోనమ్మ.

రాజు పక్కన మంత్రి వాచస్పతి ఉన్నాడు. అడగకముందే మాట్లాడటం ఆయన విద్య. "మహాప్రభూ! చచ్చినదాన్ని పండుకుందని చెప్పడం పనివాళ్లకు అలవాటే" అన్నాడు.

రాజుకు ఒళ్లు మండింది. అక్కడికక్కడే చాటింపు వేయించాడు. "మృగశిర కార్తె ముగిసేలోపు కంద మొలవకపోతే, అది ఎవరి చేతి వల్ల చచ్చిందో వారు మేఘవరం విడిచి పోవాలి. వారు ఎవరైనా సరే. రాజు మాటకు తిరుగు లేదు!"

డప్పు వీధి వీధీ తిరిగింది. విన్నవాళ్లంతా కోనమ్మ గుడిసె వైపే చూశారు. కోనమ్మకూ భయం వేసింది. ఆ వయసులో పొలిమేర దాటి ఎక్కడికి పోతుంది? ఎవరిని అడుగుతుంది? అయినా ఆమెకు కంద సంగతి తెలుసు. ఆ తెలిసిన ఒక్క సంగతినే పట్టుకుని, పెరడుకు కాపలా కాయడం మొదలుపెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం, కుముదిని నిద్రపోతున్న వేళ, రాజు వంద కడవల నీళ్లతో వంద మందిని వెంటబెట్టుకుని వచ్చాడు. "పోయండి! దాహంతో చచ్చి ఉంటుంది!"

కోనమ్మ పోయి ఆ బోసి నేల మీద చతికిలబడింది. "దొరా, పండుకున్న గడ్డకు నీళ్లు పోస్తే కుళ్లుతుంది. పోయాలంటే ముందు నన్ను లేపాలి."

రాజు ముఖం ఎర్రబడింది. ముసలిదాన్ని చెయ్యి పట్టి లాగించడానికి ఆయనకు మనసొప్పలేదు. వంద కడవలూ వెనక్కి పోయాయి.

వారం తిరిగాక మంత్రి వచ్చాడు, ఒంటరిగా. కోనమ్మ గంజి తాగడానికి లేచిన కాస్త వ్యవధిలో, గడ్డ ఉందో లేదో చూద్దామని గడ్డి తీసి, మట్టి గోకి, గడ్డను గోటితో గిల్లాడు. పచ్చి కందను గిల్లితే ఏమవుతుందో మీ ఇంట్లో వంట చేసేవారిని అడగండి. మంత్రి ఆ రోజు కొలువులో ఒక్క మాట కూడా పూర్తి చేయలేకపోయాడు. రెండు చేతులూ ఒకదాన్ని ఒకటి గోక్కోవడంలోనే ఉన్నాయి. శేరు చింతపండు పులుసు చేతులకు రుద్దితే గానీ దురద తగ్గలేదు. కోనమ్మ ఏమీ అనలేదు. మట్టి మళ్లీ కప్పి, గంజి తాగే చోటు కూడా పెరట్లోకే మార్చుకుంది.

అలా రాజు తడపకుండా ఆపింది. మంత్రి మళ్లీ తవ్వకుండా ఆపింది. ఇక భయం లేదనుకుంది.

చైత్రం వచ్చింది. ఎండలు ముదిరాయి. ఒక ఉదయం కోనమ్మ గడ్డి కిందికి చెయ్యి పోనిచ్చి, నేలమీద అరచెయ్యి ఆనించింది.

నేల చల్లగా ఉంది. తడిగా ఉంది. పుల్లటి వాసన వేస్తోంది.

తన నియమం తానే తప్పి మట్టి తీసింది. గడ్డలో సగం కుళ్లి నీరైంది. నడుమ మొలక వచ్చే కన్ను ఉంది చూడండి, దానికి గోరంత దూరంలో ఆగింది ఆ కుళ్లు. గడ్డ పక్కన, తడి మట్టిలో, గుండ్రంగా ఒక చిన్న గ్లాసు ఆనిన గుర్తు కనబడింది.

కుముదిని వెండి గ్లాసు అంతే ఉంటుంది.

కోనమ్మకు అంతా అర్థమైంది. కొన్నాళ్లుగా పిల్ల పెదవులు ఎండిపోయి ఉండటం తాను చూసింది, ఎండలకేమోలే అనుకుంది. పిల్ల తాను తాగే నీళ్లు తాగకుండా తెచ్చి, కోనమ్మ మిగతా తోటలకు నీళ్లు కట్టే వేళ చూసి, ఇక్కడ పోస్తోంది. తడపకూడదని కోనమ్మ రాజుకు చెప్పింది, కడవలు తెచ్చిన వందమందికీ చెప్పింది. ఎవరికోసం నాటిందో ఆ పిల్లకు మాత్రం చెప్పలేదు.

ఇప్పుడేం చెయ్యాలి? అడవికి పోతే ఇంతే గడ్డ ఇంకొకటి దొరుకుతుంది. ఎవరూ చూడకుండా నాటితే, మృగశిరలో లేస్తుంది. చాటింపు గండం తప్పుతుంది. ఎవరికి తెలుస్తుంది? తన చేతులకు తెలుస్తుంది. రేపు ఆ చేతులతోనే పిల్ల తల నిమిరి, "ఇది నీ గొడుగే తల్లీ" అని చెప్పాలి. కోనమ్మకు అది చేతకాలేదు.

కొడవలి తెచ్చి కుళ్లిన సగం కోసి పారేసింది. మిగిలిన సగానికి బూడిద పూసి, అందరూ చూసేట్టు వసారాలో నీడకు ఆరబెట్టింది.

అందరూ చూశారు. అందరికంటే ముందు మంత్రి చూశాడు. ఆయన చెప్పగానే రాజు పరుగున వచ్చాడు.

"ఎవరు నీళ్లు పోసింది?" రాజు గొంతు కంచులా మోగింది.

కోనమ్మ తల వంచుకుంది. అబద్ధం చెప్పలేదు. నిజం చెబితే చాటింపు ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆమెకు తెలుసు. "కాపలా నాది దొరా. చెప్పవలసినవారికి చెప్పకపోయింది నేనే. ఆ తప్పు నాది" అంది.

"నేను అడిగింది అది కాదు. ఎవరు పోశారు?"

కోనమ్మ వంగి, ఆరబెట్టిన గడ్డను నీడలోకి ఇంకాస్త జరిపింది.

"పలకడం లేదంటే ఒప్పుకున్నట్టే మహాప్రభూ" అన్నాడు మంత్రి.

రాజు భటుల వైపు తిరిగాడు. ఆయన పెదవి కదిలేలోపు, వసారా స్తంభం చాటు నుంచి కుముదిని బయటికి వచ్చింది. అప్పటికి ఎండ పెరట్లో ఒక మూలదాకా వచ్చింది. ఆ పిల్ల ఎండలోనే నడిచింది, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని.

"నేనే పోశాను నాన్నగారూ. కంద చచ్చిపోతే కోనవ్వను పంపించేస్తారని దాసీలు అనుకుంటుంటే విన్నాను. బతికిద్దామని రోజూ నా నీళ్లు పోశాను. నన్నే పంపించేయండి."

రాజు ముఖం తెల్లబోయింది. ఎవరైనా సరే అని డప్పు కొట్టించినవాడు తానే. మాటకు తిరుగు లేదన్నవాడూ తానే. అంత పెద్ద యోధుడు వసారా మెట్టు మీద కూలబడ్డాడు.

కోనమ్మ ముందు పిల్లను లాక్కుని నీడలోకి తెచ్చింది. కళ్లు కడిగింది. గ్లాసెడు నీళ్లు తాగించింది. ఆ తరువాతే రాజుతో మాట్లాడింది.

"దొరా, చాటింపు కంద చస్తే కదా? ఇంకా చావలేదు. గడువూ ముగియలేదు. సగం గడ్డ చాలు, లేస్తే లేస్తుంది. ఆ మూడు మాటలూ ఈసారి చివరిదాకా వినండి."

ఈసారి రాజు విన్నాడు. పక్కన కుముదినీ విన్నది. తడపకూడదు, తవ్వకూడదు, తొందరపడకూడదు.

వైశాఖంలో సగం గడ్డను మళ్లీ నాటారు. జ్యేష్ఠం వచ్చింది. మృగశిర కార్తె వచ్చింది. తొలకరి జల్లు పడింది. ఊరి పొలాలన్నీ పచ్చబడ్డాయి. పెరటి నేల మాత్రం కదలలేదు.

రాజుకు తిండి సహించలేదు. ఐదో రోజు చెంబుతో నీళ్లు తెచ్చి, కోనమ్మ ముఖం చూసి, తానే తాగేశాడు. ఎనిమిదో రోజు గునపం పట్టుకుని నిలబడి, చెమటలు కక్కి, గోడకు ఆనించి వెళ్లిపోయాడు. పన్నెండో రోజు నుంచి పెరట్లోనే కూర్చున్నాడు, రెండు చేతులూ ఒళ్లో కట్టేసుకుని. ఏ యుద్ధంలోనూ ఆయన అంత కష్టపడలేదు.

కార్తె ఆఖరి రోజు. పొద్దు వాలుతోంది. పొలిమేరకు తీసుకుపోయే బండి కోట వాకిట నిలిచి ఉంది. చాటింపు మాట నిలబెట్టాలి కనుక రాజే దాన్ని కట్టించాడు. కూతురిని పంపితే తానూ అదే బండెక్కి పోవాలని మనసులో తీర్మానించుకున్నాడు. కోనమ్మ కళ్లు మూసుకుని, నేలకు దగ్గరగా చెవి పెట్టి కూర్చుంది.

"కోనవ్వా, ఇక్కడ నేల పగిలింది" అంది కుముదిని.

వెంట్రుకంత సన్నటి పగులు. అందరూ వంగి చూస్తుండగానే ఒక మట్టిబెడ్డ పక్కకు దొర్లింది. కింద నుంచి, ఎర్రటి మొన ఒకటి, మేకు తలంత, బయటికి వచ్చింది.

రాజు కళ్ల నీళ్లు జలజల రాలాయి. ఆపుకోలేక, నిజమేనా అని తాకి చూడటానికి వేలు చాచాడు.

"నాన్నగారూ! చేతులు వెనక్కి!" అంది కుముదిని.

రణధీరుడు వెంటనే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. మంత్రి అంతకుముందే కట్టుకున్నాడు. దురద ఆయనకు ఇంకా గుర్తుంది.

ఆ సాయంత్రం వాకిట్లో బండి ఎద్దులను విప్పేశారు. ఆ ఏడు లేచిన ఆకు గొడుగు చిన్నదే, పిల్ల తలకు మాత్రమే సరిపోయింది. మళ్లీ పుష్యంలో అది నేల వాలినప్పుడు ఎవరూ ఏడవలేదు. కుముదిని గడ్డి తెచ్చి కప్పి, తన గ్లాసులో నీళ్లు తానే తాగి, తన పనికి తాను వెళ్లింది.

కనుక పిల్లలూ, ప్రేమ ఉంటే చెయ్యి చాచడం ఎవరికైనా వస్తుంది. చెయ్యి ఆపుకోవలసిన వేళ తెలిసినవారే దేన్నైనా పెంచగలరు.