శ్లాబు కింద మొదటి వరుస

దిబ్బలపాడులో జంతువుల పిల్లలందరికీ ఒకటే బడి. ఏ తాతల నాడు కట్టారో గాని, పెంకులు జారి, గోడలు నెర్రెలిచ్చి, వాన పడితే లోపల కూడా గొడుగు వేసుకోవాల్సిన స్థితికి వచ్చింది. మొన్న వానల్లో ఒక దూలం విరిగి గంగులెద్దు మనవరాలు గౌరి పక్కనే పడింది. జానెడు ఇవతల పడుంటే ఆ దూడ మనకి దక్కేది కాదు. ఆ సాయంత్రమే ఊరంతా కూర్చుని కొత్త బడి కట్టాలని తీర్మానించింది.

కాంట్రాక్టు చెంగయ్య నక్కకి దక్కింది. మాటల్లో వాడిని మించినవాడు చుట్టుపక్కల లేడు మరి. బండి లాగే పని గంగులుది. ఇసుక, రాయి, ఇనుము, అన్నీ ఆ ముసలి మెడ మీదుగానే వచ్చాయి. శ్లాబుకి ఇనుము తెచ్చిన రోజు మాత్రం గంగులుకి అనుమానం తగిలింది. పైకి చువ్వలే కనిపిస్తున్నాయి, బండి చూస్తే ఖాళీ బండిలా పరుగెడుతోంది. అడుగున పేర్చింది వెదురు బద్దలేనని మెడకి తెలిసిపోయింది.

అదే మాట అడిగితే చెంగయ్య పగలబడి నవ్వాడు. బరువు తగ్గితే నీకే కదా తాతా సుఖం, వయసు మీద పడి మతి గాని పోయిందా అని నలుగురిలో ఎగతాళి చేశాడు. నలుగురూ నవ్వారు కూడాను. గంగులుకి ఒళ్లు మండింది. ఈలోపు శ్లాబు పోసేశారు, లోపలేముందో చూసే దారి లేకుండా పోయింది. రేపు ఆ కప్పు కింద కూర్చునేది గౌరి. అయినా ముసలాయన కంగారు పడలేదు. నిజం నక్క నోటితోనే కక్కిస్తానని నిశ్చయంగా ఉన్నాడు.

శ్లాబు ఆరేదాకా కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగ్ కర్రలు తీసే రోజు ఊరంతా చేరింది. కర్రలు పడగొట్టే పని పొట్టేలు వీరన్నది. కొమ్ము ఆనించు గాని నెట్టకు అని గంగులు ముందే అతని చెవిలో వేశాడు. చెంగయ్యేమో ఈ బడి వందేళ్లు నిలుస్తుంది, నాదీ పూచీ అని ఉపన్యాసం దంచుతున్నాడు.

గంగులు మేక పంతులమ్మ రంగమ్మ వైపు తిరిగాడు. "పంతులమ్మా, ఒక మనవి. ఇంత గొప్పగా కట్టాడు కదా, చెంగయ్య పిల్లల్నే మొదటి వరుసలో కూర్చోబెట్టి కర్రలు తీద్దాం. ఆ గౌరవం వాళ్లకే దక్కాలి."

అందరూ బాగుందన్నారు. చెంగయ్య పిల్లలకి జ్వరమన్నాడు, ముహూర్తం మంచిది కాదన్నాడు. వాడింకా సాకులు వెతుక్కుంటుండగానే, మా నాన్న కట్టిన బడి అని మురిసిపోతూ నలుగురు పిల్లలూ పరుగున వెళ్లి కూర్చున్నారు. చిన్నది పలక కూడా తెచ్చుకుంది. వీరన్న మొదటి కర్రకి కొమ్ము ఆనించాడు.

"ఆపరా వీరన్నా." చెంగయ్య ఉరికి అడ్డం నిలబడ్డాడు. "నా పిల్లల్ని బయటికి పంపండి. ఆ కప్పు నిలవదు."

గంగులే లోపలికి వెళ్లి నక్కపిల్లల్ని మెల్లగా ఇవతలికి తోలుకొచ్చాడు.

"మరి మా పిల్లల్ని ఎక్కడ కూర్చోబెడదామనుకున్నావు, చెంగయ్యా?" అంది రంగమ్మ.

ఊరు ఆ శ్లాబుని పగలగొట్టించింది. అసలైన ఇనుము తేవడానికి బండికి చెంగయ్యనే కట్టింది. గుట్ట ఎక్కేసరికి వాడి నాలుక బయటికొచ్చింది, గంగులు మాత్రం తీరిగ్గా పక్కన నడిచాడు. మళ్లీ వానలు మొదలయ్యే లోపే కొత్త బడి గట్టిగా లేచింది.

ఎదుటివాళ్ల పిల్లల నెత్తిన కప్పు వేసేవాడు, దాని కింద తన పిల్లలే ఉన్నారనుకుని వేయాలి.