చేతులు కడిగించే వంతు

మాబున్నికి డాక్టరు చదువుకు రెండు చోట్ల సీటు వచ్చింది. ఇంట్లో ఎవరి ముఖంలోనూ సంతోషం లేదు.

ఒకటి సొంత టౌనులోని ప్రైవేటు కాలేజీ. మేనత్త లాలెమ్మ ఇంటి నుంచి నడిచి పోవచ్చు. ఆ ఫీజులు కట్టాలంటే మాత్రం నాయన ఫక్కీరప్ప పరుపుల అంగడి అమ్ముకోవాలి. దూది ఏకే మిషను కూడా దాంతోనే పోతుంది. రెండోది సర్కారు కాలేజీ. ఫీజు దాదాపు లేనట్టే. కానీ అది సముద్రం పక్క జిల్లాలో ఉంది, రైల్లో రాత్రంతా ప్రయాణం. అక్కడ ఈ పిల్లను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఒక్కరూ లేరు.

ఇంకొకరైతే రెండోదానికి పరుగెత్తేవాళ్లు. మాబున్ని సంగతి వేరు. ఇంటర్ అయ్యాక కోచింగు కోసం హాస్టల్లో చేరిస్తే అక్కడ ఎవరితోనూ కలవలేదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. రంజాను రాకముందే ఎముకల గూడై తిరిగొచ్చింది. ఆ తర్వాత అత్త ఇంట్లో ఉండి, అత్త చేతి కూడు తిని, చదివి మార్కులు తెచ్చుకుంది.

శనివారం సాయంత్రం లోగా ఏదో ఒక కాలేజీలో చేరాలి. గురువారం నాయన, అత్త, మాబున్ని ముగ్గురూ కనుమ మీది దర్గాకు వెళ్లారు. అక్కడి పెద్దాయన బుడన్ సాయిబు ఆ పిల్లకు చిన్నప్పటి నుంచీ గురువు. నమాజు నేర్పిందీ ఆయనే, మొండికేస్తే తిట్టిందీ ఆయనే.

సాయిబు వంటపొయ్యి దగ్గర కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాడు.

"అంగడి అమ్మేస్తా సామీ. పిల్ల బాగుంటే చాలు," అన్నాడు ఫక్కీరప్ప.

"అమ్మి నువ్వేం చేస్తావురా?"

"ఎవరి అంగట్లోనో కూలికి కుడతా."

"నా దగ్గరుంటేనే కదా సామీ ఇది నాలుగు మెతుకులు తినేది," అంది లాలెమ్మ. "ఆడ ఎవరున్నారు దీనికి?"

సాయిబు మాబున్ని వైపు తిరిగాడు. "నీ మాటేందే?"

"నాయన అంగడి అమ్మితే నాకు చదువెక్కదు సామీ. ఒక్కదాన్నే పోతే కూడు దిగదు. మీరు ఏది చెబితే అది."

"నాకు జ్వరమొస్తే ఏ మాత్ర మింగాలో తెలీదు. డాక్టరు కాలేజీ సంగతి నన్నడుగుతావా? పోయి కూర్చోండి, కూడు వేళయింది."

ఫక్కీరప్ప ముఖం వాడిపోయింది. ఇంత దూరం వచ్చింది ఈ మాట కోసమా అనుకున్నాడు.

ఆ దర్గాలో ఒక పద్ధతి ఉంది. భోజనానికి ముందు ఎవరి చేతులు వాళ్లు కడుక్కోరు. గుడ్డ పరిచి అందరూ వరసగా కూర్చుంటే, ఒకరు కింద బేసిను పెట్టి చెంబుతో నీళ్లు పోస్తూ పోతారు. చెంబు పట్టినవాళ్ల చేతులు కూడా కడిగేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. వాళ్లకు ఎవరు పోయాలన్న నియమం మాత్రం లేదు. చెంబు ఎవరికివ్వాలన్నది సాయిబు ఇష్టం. ఇన్నేళ్లలో మాబున్ని దాన్ని పట్టింది లేదు. సాయిబు ఇటు చూసే వేళకు అత్త వెనక నక్కేది.

ఆ రోజు ఆయన చెంబు తెచ్చి మాబున్ని ఒళ్లోనే పెట్టాడు.

"నాకు రాదు సామీ."

"వంచితే నీళ్లు కిందికే పడతాయిలే. లెయ్."

లేచింది. మొదట ఒక లారీ డ్రైవరు. "సన్నంగా పొయ్యమ్మా, నాకు జలుబు," అన్నాడు. పక్కనున్న ముసలామె నవ్వింది. "నాకు బాగా పొయ్యే. డాక్టరమ్మవయినాక మా మొగాలు చూస్తావా యేం?"

మాబున్ని తల దించుకునే ఒక్కొక్కరి ముందూ వంగింది. వరస చివర, బళ్లారి వైపు నుంచి ఆ పొద్దున్నే వచ్చిన ఒకామె కూర్చుంది. కన్నడం తప్ప ఇంకో మాట రాదు. వేలికి గుడ్డకట్టు ఉంది. మాబున్ని ఆ చెయ్యి పట్టుకుని, కట్టు తడవకుండా, సన్నటి ధారగా పోసింది.

అందరివీ అయ్యాయి. మాబున్ని ఒక్కతే నిలబడి ఉంది. చెంబును ఎడమ చేతిలోకి మార్చుకుని తన కుడి చేతి మీదికి వంచబోయింది.

"ఆగు," అన్నాడు సాయిబు.

లాలెమ్మ లేవబోయింది. "నేను పోస్తా సామీ."

"నువ్వు కూర్చో లాలెమ్మా." ఫక్కీరప్ప కదిలాడు. "నువ్వూ కూర్చోరా."

అన్నం మీది ఆవిరి పలచబడింది. మాబున్ని చెవులు ఎర్రబడ్డాయి. ఎటు చూడాలో తెలియక చెంబులోకి చూస్తూ నిలబడింది.

"పప్పు గడ్డ కడతాంది సామీ," అన్నాడు డ్రైవరు.

"కట్టనీ."

వరస చివర గాజుల చప్పుడైంది. బళ్లారి ఆమె లేచి వచ్చింది. ఏమీ అడగకుండా చెంబు అందుకుని, మాబున్ని చేతుల మీద నీళ్లు పోసింది. వేలి కట్టు తడిసిపోయింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు.

"బిస్మిల్లా," అన్నాడు సాయిబు. చేతులన్నీ ఒక్కసారి కంచాల్లోకి పోయాయి.

మాబున్ని ఆ రోజు అత్త పక్కకు పోలేదు. బళ్లారి ఆమె పక్కన కూర్చుంది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆమె కన్నడంలో ఏదో చెప్పి కారానికి కళ్లు తుడుచుకుంటే, మాబున్ని నవ్వి మజ్జిగ గ్లాసు ఆమె వైపు జరిపింది. మారు అన్నం పెట్టించుకుంది. లాలెమ్మ అది చూస్తూ తన కంచం సంగతి మరిచిపోయింది.

భోజనాలయ్యాక మాబున్ని సాయిబు దగ్గరికి వచ్చింది.

"సామీ, ఆమె లేవకపోయుంటే?"

"అందరం ఆకలితో కూర్చునుండేవాళ్లం."

"ఎంతసేపని?"

"ఎవరో ఒకరు లేచేదాకా."

మాబున్ని బయటికి వచ్చి, గోడ నీడలో కూర్చున్న తండ్రి దగ్గరికి పోయింది.

"నాయనా, రేపటి రైలుకు టికెట్టు చూడు."

ఏ ఊరికని ఫక్కీరప్ప అడగలేదు. గోడకు వీపు ఆనించి, చాలా రోజుల తర్వాత కాళ్లు బార్లా చాపుకున్నాడు.