గంప కింద బడి

ఎద్దుల పాకలో, ముసలి ఎద్దు మేత మేసే గాడి పక్కన, ఒక పెద్ద వెదురు గంప బోర్లించి ఉంటుంది. కోడిపిల్లల బడి అదే. సేతువ పంతులనే తెల్లపుంజు గంప మీదెక్కి ఒక మాట చెబుతాడు. కింద పిల్లలు దాన్నే గొంతు బొంగురుపోయేదాకా వల్లిస్తారు. బయట ఏ అలికిడి వినబడినా తల తిప్పకూడదు, పాఠం ఇంకా గట్టిగా చదవాలి. పంతులుగారి బడిలో క్రమశిక్షణ అంటే అంత క్రమశిక్షణ!

ఆ పిల్లల తల్లి బొట్లపెట్టకు మాత్రం కాలు ఒకచోట నిలవదు. గంప చుట్టూ తిరుగుతుంది, దడి దాకా పోతుంది, మళ్ళీ వస్తుంది. పోయినసారి పొదిగిన పిల్లల్ని దడి కంతలోంచి దూరిన నక్క ఒక్కటి మిగల్చకుండా ఎత్తుకుపోయింది. ఆ కడుపుకోత ఇంకా తీరలేదు.

"పంతులుగారూ, కాసేపు వీళ్ళను పెంటకుప్ప మీదికి వదలండి. గెలుక్కోవడం వస్తుంది, గద్ద నీడ పడితే ఎటు దూరాలో తెలుస్తుంది" అని రోజూ పోరుతుంది.

"గద్ద పాఠం వచ్చే నెలలోనమ్మా. ఇప్పుడు నక్క పాఠం నడుస్తోంది. నా బుర్ర తినకు" అంటాడు పంతులు.

ఒకరోజు మిట్టమధ్యాహ్నం యజమాని కునుకు తీస్తుంటే, దడి కంతలోంచి నక్క రానే వచ్చింది. దారిలో చేలో దిష్టిబొమ్మకు తొడిగిన ఖాకీ చొక్కా లాక్కుని వేసుకొచ్చింది. గొంతు సవరించుకుని, "నేను కొత్తగా వచ్చిన బళ్ళ ఇన్‌స్పెక్టరుని. ఏదీ, పాఠం అప్పజెప్పించండి" అంది.

ఇన్‌స్పెక్టరనేసరికి పంతులు గబగబా గంప మీంచి దిగాడు. చొక్కా తప్ప ఆయనకింకేమీ కనబడలేదు. గంప అంచు ఎత్తి, కింద పుల్ల ఆనించి, పిల్లల్ని బయటికి పిలిచి వరసలో నిలబెట్టాడు. పిల్లలు నక్క మొహంలోకే చూస్తూ అందుకున్నారు.

"నక్క అడవిలో నివసించును! దాని మూతి కోసుగా ఉండును! తోక కుచ్చుగా ఉండును! అది కోడిపిల్లలను తినును!"

"శభాష్! ఒక్క అక్షరం పొల్లుపోలేదు" అని నక్క మూతి తుడుచుకుంది. "కానీ పంతులుగారూ, ఇంకా ఈ గంప చదువులేమిటండీ? కాలం మారిపోయింది. పిల్లలు లోకం చూడాలి, స్వయంగా చేసి నేర్చుకోవాలి. నాతో పంపండి, అడవంతా తిప్పి చూపిస్తాను."

పెంటకుప్ప దగ్గరున్న బొట్లపెట్ట చెవిన ఈ మాటలు పడ్డాయి. నా మాట చెప్పేవాడు ఇన్నాళ్ళకు ఒకడొచ్చాడని సంబరపడి పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ఆ మూతి చూసింది.

"పారిపోండర్రా!" అని గుండెలు పగిలేలా అరిచింది.

పిల్లలు తల తిప్పలేదు. "నక్క అడవిలో నివసించును!" అని ఇంకా గట్టిగా ఎత్తుకున్నారు.

"చూశారా మా క్రమశిక్షణ!" అన్నాడు పంతులు మురిసిపోతూ.

బొట్లపెట్ట ఒక్క క్షణం ఆలోచించింది. అరిచి లాభం లేదు, తను మీదపడితే నక్కకు ఒక్క గుటక. ముఖాన నవ్వు పులుముకుంది.

"క్షమించండి బాబూ, మిమ్మల్ని చూసిన సంతోషంలో నోరు జారింది. చేసి నేర్చుకోవాలన్నారు, బంగారంలాంటి మాట. అయితే గంప కింద చిక్కుకున్నవాడు ఎలా బయటపడాలో ఒక్కసారి చేసి చూపించండి. మా పంతులుగారు నోటితోనే చెబుతారు."

"అమ్మా! ఇన్‌స్పెక్టరుగారిని గంప కిందికి దూరమంటావా!" అని పంతులు గుడ్లురిమాడు.

"పోనీలెండి, ఆయనకూ రాదేమో. రానివాళ్ళతో పిల్లల్ని పంపలేం కదా" అంది పెట్ట నిట్టూరుస్తూ.

నక్కకు రోషం పొడుచుకొచ్చింది. తేలికపాటి వెదురు గంప, తలతో తోస్తే ఎగిరిపడుతుంది. అయిదు నిమిషాల్లో విందు. "రాకపోవడమేమిటి? చూడండి!" అని పొట్ట నేలకానించి గంప కిందికి దూరింది.

బొట్లపెట్ట పుల్లను ఎగరతన్నింది. "పెద్దయ్యా, గడ్డం దించు!"

గాడి దగ్గర నెమరేస్తున్న ముసలి ఎద్దు తొందరేమీ పడలేదు. మెడ వాల్చి, గడ్డం తెచ్చి గంప మీద ఆనించి, నెమరు కొనసాగించింది. గంప లోపలినుంచి కుదిపినా కదల్లేదు.

"పంతులుగారూ, పాఠం అయింది. ఎద్దును అవతలికి తోలండి, ఇది నా ఉత్తర్వు!" అంది నక్క లోపల్నుంచి.

"చిత్తం!" అని పంతులు కదలబోయాడు. ఎన్నేళ్ళ అలవాటో మరి!

బొట్లపెట్ట అడ్డం నిలబడి పిల్లలకేసి తిరిగింది. "పాఠం ఆపండర్రా. దగ్గరికెళ్ళి సందుల్లోంచి చూడండి. ఏముందో మీరే చెప్పండి."

పిల్లలు భయపడుతూనే వెదురు సందుల్లోకి కళ్ళు పెట్టారు. లోపల కోసుమూతి, నోట్లోంచి కారుతున్న చొంగ, చొక్కా కిందినుంచి బయటికొచ్చిన కుచ్చుతోక. మరుక్షణం ఒకడు గాడిలోకి దూకాడు, ఒకతె ఎద్దు వీపెక్కింది, ఒకడు గడ్డిమోపులో దూరాడు. వరసన్న మాటే లేదు, ఎవరి దారి వాళ్ళే చూసుకున్నారు.

పంతులు నోరెళ్ళబెట్టాడు. "ఇదంతా వీళ్ళకెవరు నేర్పారు?"

"నక్కను చూశారు కదండీ" అంది బొట్లపెట్ట. ఇన్నాళ్ళు అణుచుకున్నదంతా అప్పుడు ఏడుపై తన్నుకొచ్చింది.

ఆ గోలకు యజమాని దుడ్డుకర్రతో వచ్చాడు. ఎద్దును తప్పించి గంప ఎత్తగానే నక్క చొక్కా వదిలేసి, నడుం విరగ్గొట్టించుకుని దడి దాటింది. మర్నాడు పంతులు తనే పిల్లల్ని పెంటకుప్ప దగ్గరికి తీసుకొచ్చి, "గద్ద నీడ ఎలా ఉంటుందమ్మా? నేనూ ఎప్పుడూ చూడలేదు" అని బొట్లపెట్టను మెల్లగా అడిగాడు.

నీతి: ప్రమాదాన్ని అప్పజెప్పగలిగితే చాలదు, అది ఎదురొచ్చినప్పుడు గుర్తుపట్టించేదే చదువు.