రెడ్డెమ్మ అరబ్బీ

“ఇంత నేర్చినా నా నోట మాట ఎందుకు రావడం లేదు, హజరత్?”

దస్తావేజుల పెంచలయ్య ఈ ప్రశ్న అడగడం అది ఏడోసారి. మొదటి ఆరుసార్లూ ఖలీలుల్లా సాబు “పుస్తకం తెరువు” అని మాత్రమే అన్నారు. ప్రశ్నకు సూటిగా బదులు చెప్పే అలవాటు ఆయనకు లేదు. మరీ గట్టిగా అడిగితే కళ్ళజోడు తీసి పంచె కొసతో తుడవడం మొదలుపెట్టేవారు. తుడవడం పూర్తయ్యేసరికి అడిగినవాడికి ఓపిక అయిపోయేది. రాయచోటిలో ఒక బట్టల కొట్టు మీది గదిలో ఆయన నలభై ఏళ్ళుగా అరబ్బీ చెబుతున్నారు. అంత పట్టుదలగా పద్నాలుగు నెలలు మెట్లెక్కినవాడు పెంచలయ్య తప్ప మరొకడు లేడు, అంతగా విసుక్కున్నవాడూ లేడు.

పెంచలయ్యకు యాభై మూడేళ్ళు. రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చుని ముప్పై ఏళ్ళు దస్తావేజులు రాసినవాడు. అతను రాసిన కాగితం తప్పుందని వెనక్కి వచ్చిన రోజు లేదు. సర్వే నంబరులో ఒక అంకె అటూ ఇటూ అయితే అన్నదమ్ములు పదేళ్ళు కోర్టు చుట్టూ తిరుగుతారని అతను కళ్ళారా చూశాడు. అందుకే తప్పంటే అతనికి ఒళ్ళు జలదరిస్తుంది. ఒకనాడు ఇల్లు రాయించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన, “హక్కు, దఖలు, వారసు, ఖరారు... నువ్వు పొద్దస్తమానం రాసే మాటలన్నీ అరబ్బీ నుంచి వచ్చినవే కదయ్యా” అని నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మాటలు ఎక్కడివో తనకు తెలియలేదే అని పెంచలయ్యకు నామోషీ అయింది. మర్నాడు సాయంత్రమే సాబు గది మెట్లెక్కాడు.

ఎక్కిన నెలకే అతనికి ఆ భాష మీద అనుమానం పుట్టింది. అందులో పొట్టి అచ్చులు రాయరట. క, త, బ అని మూడు హల్లులు రాసి వదిలేస్తారు. అది ‘రాశాడు’ కావచ్చు, ‘రాయబడింది’ కావచ్చు, ‘పుస్తకాలు’ కూడా కావచ్చు. “ఇట్లాంటి రాతతో ఒక్క సెంటు భూమి రిజిస్టరు కాదు హజరత్” అన్నాడు పెంచలయ్య. సందర్భాన్ని బట్టి తెలుస్తుందన్నారు సాబు. సందర్భాన్ని నమ్ముకుని దస్తావేజు రాసినవాడు బాగుపడిన దాఖలా పెంచలయ్య ఎరుగడు. ఆ తరవాత అంకెలు వచ్చాయి. మూడు నుంచి పది దాకా లెక్కపెట్టేటప్పుడు వస్తువు మగదైతే అంకె ఆడది కావాలి, వస్తువు ఆడదైతే అంకె మగది కావాలి. ఎందుకట్లా అని అడిగితే సాబు కళ్ళజోడు తీశారు. ఇక ‘ఐన్’ అనే అక్షరం ఉంది. దాన్ని గొంతు లోతుల్లోంచి తేవాలి. పెంచలయ్య ఇంట్లో దాన్ని సాధన చేస్తుంటే, వాంతి అవుతోందేమోనని భార్య అంకాలమ్మ రెండుసార్లు చెంబుతో నీళ్ళు తెచ్చింది. మూడోసారి తేవడం మానుకుంది.

అయినా వదల్లేదు. నాలుగు నోటుబుక్కులు నింపాడు. వాటిలో భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకదు. నోరు తెరవమంటే మాత్రం ఏమీ లేదు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన కుర్రవాళ్ళు టీ కొట్టు దగ్గర సరదాకు అరబ్బీలో పలకరిస్తే, బదులిచ్చే మాటకు చివర ఏ అచ్చు రావాలో పెంచలయ్య తేల్చుకునేవాడు. తేల్చుకుని తల ఎత్తేసరికి ఖాళీ గ్లాసులు ఉండేవి.

ఆ ఏడోసారి సాబు కళ్ళజోడు తీశారు. అంతలో మెట్ల మీద అడుగుల చప్పుడైంది. ఒకామె వచ్చి గడప బయట చెప్పులు విడిచి నిలబడింది. బస్టాండు పక్కన ఇడ్లీ బండి పెట్టే రెడ్డెమ్మ. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఇళ్ళల్లో పని చేసి, ఆరేళ్ళ కిందట తిరిగి వచ్చింది. చేతిలో ఫోను, దానితో పాటు చింపిన క్యాలెండరు ముక్క ఉన్నాయి.

“సాబూ, ఒక మాట సాయం కావల్ల” అంది.

ఆమె చెల్లెలు సిద్దమ్మ పోయిన ఏడాది కువైట్ పోయింది. పందొమ్మిది రోజులుగా ఆ పిల్ల ఫోను పలకడం లేదు. పంపించిన ఏజెంటును అడిగితే కనుక్కుంటానని చెప్పి, ఆ తరవాత అతనూ ఫోను ఎత్తడం మానేశాడు. క్యాలెండరు ముక్క మీద ఉన్నది సిద్దమ్మ పని చేసే ఇంటి యజమానురాలి నంబరు.

“రెండు తూర్లు కలిపినా. ఆయమ్మ గొంతు ఇనబడతానే పెట్టేసినా. నేనేమన్నా తప్పు మాట్లాడితే ఆయమ్మ కోపమంతా నా చెల్లెలి మీద తీర్చుకుంటాదని బయం. మీరు చదువుకున్నోళ్ళు. మర్యాదగా అడగండి సాబూ. అది ఉండాదో లేదో తెలిస్తే చాలు.”

సాబు ఆమెను బల్ల మీద కూర్చోమన్నారు. “నేను ఆ దేశం పోయినవాణ్ణి కాదమ్మా. నాదీ పుస్తకాల అరబ్బీయే” అన్నారు. తరవాత తల తిప్పి, “పెంచలయ్యా, నువ్వు మాట్లాడు” అన్నారు.

ఇన్నాళ్ళూ నోరు రాలేదని మొత్తుకుంటుంటే వినని మనిషి, ఇవాళ ఒక ఆడకూతురి గోడు ఎదురుగా పెట్టి మాట్లాడమంటున్నారు. కాదనడానికి ఆమె ముఖం చూసి నోరు రాలేదు. అయిదు నిమిషాలు గడువు అడిగి, కాగితం తీసి, దస్తావేజు రాసినంత జాగ్రత్తగా ఒక వాక్యం రాశాడు. ప్రతి హల్లుకూ గుర్తులు పెట్టాడు. సాబు దాన్ని చూసి, “తప్పు లేదు” అన్నారు. పద్నాలుగు నెలల్లో ఆయన నోట అతను విన్న మొదటి మెప్పు అది.

రెడ్డెమ్మ నంబరు కలిపి స్పీకరు పెట్టింది. అవతల ఒక స్త్రీ గొంతు పలికింది. పెంచలయ్య గొంతు సవరించుకుని చదివాడు. దాన్ని తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా ఉంటుంది: “దయచేసి వినుడు, ఓ గౌరవనీయురాలా, భవదీయ గృహమునందు సేవచేయుచున్న సిద్దమ్మ యను స్త్రీ యొక్క క్షేమమును తెలిసికొనుటకై తమ యనుమతిని ప్రార్థించుచున్నాను.” ఐన్ వచ్చిన రెండు చోట్లా అది గొంతులోంచి నిండుగా వచ్చింది.

అవతల ఆ స్త్రీ నవ్వి, ఇంట్లో ఎవరినో పిలిచి ఏదో గబగబా చెప్పింది. పెంచలయ్యకు అందులో ‘అఖ్బార్’ అన్న ఒక్క మాటే అందింది. వార్తలు అని దాని అర్థం. లైను తెగిపోయింది.

“నేను చెప్పినదాంట్లో తప్పేముంది?” అన్నాడు పెంచలయ్య. చెవులు ఎర్రబడ్డాయి.

“ఏమీ లేదు” అన్నారు సాబు.

“అన్నా, ఆయమ్మ నిన్ను టీవీలో వార్తలు చదివే మనిషి అనుకున్నింది” అంది రెడ్డెమ్మ మెల్లగా. “ఎవురో తమాషా చేస్తాండారని మొగునికి చెప్పింది.”

సాబు ఆమె వంక చూశారు. “నీకు అంతా అర్థమైంది కదమ్మా. నువ్వే మాట్లాడు.”

“నాది అంట్లు తోమే అరబ్బీ సాబూ. వాళ్ళను మర్యాదగా అడిగే అరబ్బీ కాదు.”

“కానివ్వు. మేమిద్దరం ఇక్కడే ఉన్నాం.”

ఆమె మళ్ళీ నంబరు కలిపింది. అవతల గొంతు ఈసారి విసుగ్గా పలికింది. రెడ్డెమ్మ ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది.

“మామా,” అంది. అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని అట్లా పిలుస్తారు. “సిద్దమ్మ ఎక్కడ? పిలువు.”

అవతలామె ఎవరు నువ్వని అడిగింది కాబోలు. “అక్క. సిద్దమ్మ అక్క. ఫోను ఎక్కడ? తే. ఇప్పుడే.”

అవతలి గొంతు ఏదో సంజాయిషీ చెప్పబోయింది. రెడ్డెమ్మ ఆగలేదు. “రేపు కాదు. ఇప్పుడు. బీరువాలోనా? బీరువా తెరువు. తియ్యి. తొందరగా. దాని చేతికియ్యి.”

పెంచలయ్య నివ్వెరపోయి చూస్తున్నాడు. ఆమె వాడినవన్నీ ఆజ్ఞలే. పోయినది, వచ్చేది అన్న భేదం లేదు. ఒక మాటకు ఇంకో మాటకు మధ్య అతుకు లేదు. ‘తే’ అనడానికి ‘జీబీ’ అంటోంది, ‘ఇప్పుడే’ అనడానికి ‘అల్‌హీన్’ అంటోంది. ఆ రెండూ బాకుల్లా పోతున్నాయి. మాట్లాడుతున్నంతసేపూ ఆమె ఎడమచెయ్యి కొంగుతో ఎదుటి బల్లను తుడుస్తూనే ఉంది. బల్ల మీద ఏమీ లేదు. తుడుస్తున్నట్టు ఆమెకు తెలిసినట్టూ లేదు.

ఫోను చేతులు మారింది. ఈసారి మగగొంతు. ఇంటి యజమాని. పెంచలయ్యకు ప్రాణం పోయినంత పనయింది, ఎందుకంటే రెడ్డెమ్మ ఆ మగవాణ్ణి కూడా ఆడమనిషికి చెప్పే రూపాల్లోనే ఆజ్ఞాపించింది. “బాబా, నువ్వు పో. సిద్దమ్మను పిలువు. కూర్చోవద్దు. పో.” పెంచలయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఇక లైను తెగడం ఖాయమనుకున్నాడు.

లైను తెగలేదు. చాలాసేపు గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. తరవాత సన్నటి గొంతు, తెలుగు గొంతు, “అక్కా” అంది.

రెడ్డెమ్మ చెయ్యి ఆగిపోయింది.

“ఎట్టుండావే?”

“ఉండా.”

“తింటాండావా?”

“తింటాండా. శానాసేపు మాట్లాడతాండానని ఫోను బీరువాలో పెట్టి బీగమేసినారు. నేను ఎట్ల చెప్పల్లో తెలీలా అక్కా, నాకు మాటలు రావు.”

“కొడతాండారా?”

“లేదు. ఒట్టు.” గొంతు తగ్గించి, “అమ్మకు చెప్పొద్దు” అంది.

రెడ్డెమ్మ ముక్కు చీదుకుని, ఫోను మళ్ళీ మామాకు ఇమ్మంది. “మామా, ప్రతి శుక్రవారం సిద్దమ్మకు ఫోను. ఇయ్యి. మరిచిపోవద్దు.” అవతలామె కొంచెం నవ్వినట్టే అనిపించింది. “జైన్, జైన్” అంది. సరే, సరే అని.

ఫోను కొంగులో చుట్టుకుని రెడ్డెమ్మ లేచింది. సాబుకు దండం పెట్టింది. పెంచలయ్య వైపు తిరిగి, “శమించన్నా, నీ మర్యాదంతా నేను చెడగొట్టినా. నాకు వచ్చింది అదే” అంది. చెప్పులు తొడుక్కుని మెట్లు దిగింది. సగం మెట్ల దగ్గర ఆగి ఏడ్చిన చప్పుడు పైకి వినిపించింది, తరవాత దిగిపోయింది.

పెంచలయ్య గుంజాటనలో పడ్డాడు. ఆమె చెల్లెలు దొరికినందుకు అతనికి సంతోషంగానే ఉంది. కానీ పద్నాలుగు నెలల కడుపుమంట ఆ సంతోషంలో ఇమడలేదు. ఆఖరికి అన్నాడు.

“అది భాషేనా హజరత్? మొగవాణ్ణి ఆడదాన్ని చేసింది. ఒక్క క్రియ సరిగ్గా లేదు. అన్నీ తే, తియ్యి, పో. ఇంటి యజమానినీ యజమానురాలినీ పనిమనుషుల్ని అదిలించినట్టు అదిలించింది. వాళ్ళు కిక్కురుమనకుండా చేశారు. నేను రెండు చేతులూ జోడించినట్టు అడిగితే నవ్వారు. నేను నేర్చుకున్నదంతా దేనికి?”

సాబు ఆమె దిగిపోయిన మెట్ల వైపే చూస్తున్నారు.

“మిన్ ఫద్లికి. దయచేసి. రెండే మాటలు. మన పుస్తకంలో మూడో పాఠంలోనే ఉంది. తొమ్మిదేళ్ళు ఆ దేశంలో ఉండి, ఆ ఒక్క మాట ఆమె నోటికి ఎందుకు రాలేదు, మీరే చెప్పండి.”

ఖలీలుల్లా సాబు పుస్తకం మూసి పక్కన పెట్టారు. ఆ గదిలో ఆయన ఆ పని చేయడం పెంచలయ్య ఎన్నడూ చూడలేదు.

“తొమ్మిదేళ్ళలో ఎవరైనా ఒక్కసారి ఆమెతో ఆ మాట అని ఉంటే, వచ్చి ఉండేది పెంచలయ్యా” అన్నారు.