దానమ్మ విన్న గొంతు

ఎవరైనా ప్రశ్న అడిగితే జోగినాథం గారు జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు తొడుక్కునేవారు. భీమిలి దగ్గర ధ్యానం నేర్పే ఆ పెద్దాయన్ని ఎనిమిదేళ్లుగా అంటిపెట్టుకుని ఉన్న కేదారి ఆ రోజు తన పని గురించే అడిగాడు.

క్యాన్సర్ నుంచి బయటపడి కూడా పొగ మానలేని వాళ్ల కోసం ఎవరో ఫోన్లో ఒక యాప్ తయారు చేశారు. అందులో ధ్యానం చెప్పే గొంతు కేదారిది. "చాలామంది నాలుగు రోజులు విని వదిలేస్తారు గురువుగారూ. దానమ్మ గారని ఒకావిడ ఐదు నెలలుగా ఒక్క పూట తప్పలేదు. అయినా చుట్ట మానలేదు. లోపం నా మాటలోనా, ఆవిడ మనసులోనా?"

ఇద్దరూ బస్సెక్కి, సముద్రపు ఒడ్డున ఆవిడ ఒంటరిగా ఉండే ఇంటికి వెళ్లారు. దానమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. క్యాన్సర్ వచ్చి అంగిలి కోసేసి, ఆ చోట పలక అమర్చారు గనుక మాట ముక్కులోంచి వస్తుంది. రెండోసారి చెబితే గాని అర్థం కాదు. వచ్చిన పని విని, చేతులు కడుక్కుని, చాప మీద నిటారుగా కూర్చుని ఫోను నొక్కింది. 'కూర్చోండి' అంది కేదారి గొంతు. 'పొగ తాగాలనే కోరిక అల వంటిది. దాన్ని తరమకండి. చూస్తూ ఉండండి. అదే పోతుంది.' పావుగంట ఆవిడ కదల్లేదు. ఏళ్ల తరబడి సాధన చేసినవాళ్లు కూడా అలా కూర్చోవడం కేదారి ఎరగడు. అతనికి లోలోపల ఆశ పుట్టింది.

దానమ్మ కళ్లు తెరిచి చుట్ట వెలిగించింది. చిన్నప్పుడు తల్లి నేర్పిన అలవాటే, నిప్పు వైపు నోట్లో పెట్టుకుంది.

"అల పోలేదా అమ్మా?" అన్నాడు కేదారి.

ఆవిడ చుట్ట తీసి పట్టుకుంది. "పోయింది బాబూ. ఇంకోటొచ్చింది. ముందర తెలీకుండా తాగేదాన్ని. నీ మాట ఇన్నాక ఒక్కో దమ్మూ తెలుస్తంది. ఎక్కడ తగుల్తందో, ఎక్కడ కాల్తందో. పుండు మళ్లీ లేచిందని డాక్టరు మొన్న సెప్పాడు. నాకు నెల కితమే తెలుసు."

కేదారి అడిగాడు: "మరి ఇంకా ఎందుకు వింటున్నారు?"

"కూకోండి అంటావు గదా. నా మాట ఇలాగయ్యాక నా కాడ కూకునేవోలు ఒక్కరూ లేరు."

తిరుగు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు కేదారి అన్నాడు: "ఆ గొంతు తీసేయించేస్తాను గురువుగారూ. మాన్పించలేదు సరికదా, కాలడం ఎలా ఉంటుందో నేర్పాను."

జోగినాథం గారు కాదనలేదు. బస్సు వచ్చాక మెట్టు మీద కాలు పెడుతూ, వెనక్కి చూడకుండానే అన్నారు:

"తీసెయ్. రేపు ఆ వేళకి ఆవిడ పక్కన ఎవరు కూర్చుంటారో చూసుకుని మరీ తీసెయ్."